వేదిక దిగిన మాట

కోగిల చూసిందట. చూసి మరిడమ్మకి చెప్పిందట. మరిడమ్మ ఆ మాటని శనివారం పొద్దున్న ఉల్లిపాయలు కొనడానికి వెళ్ళిన కొట్లో నలుగురి ముందూ విప్పింది. శుక్రవారం పొద్దుగూకే వేళ ఫ్యాక్టరీ వెనక గేటులోంచి ఒక లారీ బయటికొచ్చిందట. మీద నీలం టార్పాలిను. టార్పాలిను కింద ఏనుగు పడుకున్నంత ఎత్తున ఏదో ఉందట. కొయ్య కోసే పెద్ద మెషీనే అయుంటుందని కోగిల అనుమానం. లారీ క్లాంగ్ రేవు వైపు పోయిందట.

ఎవరూ నమ్మలేదు. కోగిల పోయినేడాది కూడా బ్యాంకు మూసేస్తున్నారని చెప్పి సగం వీధిని ఎండలో వరసకట్టించింది. తీరా చూస్తే రంగులెయ్యడానికి బ్యాంకు బోర్డు కిందికి దించారు, అంతే. అప్పట్నుంచి ఆ అరవావిడ కళ్ళ మీద ఊళ్ళో ఎవరికీ గురి లేదు.

లారీ మాట నిజమని తెలిసింది ఒక్క మాధవికే.

మలేసియాలోని ఈ బటాంగ్ బెర్జుంటైలో మన తెలుగువాళ్ళ ఇళ్ళలో సగం ఆ ఫ్యాక్టరీ అన్నమే తింటున్నాయి. తాతలు పాలు గీసిన రబ్బరు చెట్లు ముసలివైపోతే వాటిని నరికి, పలకలు కోసి, అమెరికావాళ్ళ పడకగదులకి మంచాలు చేసి పంపే ఫ్యాక్టరీ అది. మలాయి మాటలో కిలాంగ్ అంటారు మనవాళ్ళు. మాధవి తండ్రి సన్యాసి మీసం మొలిచిన నాటి నుంచీ అక్కడ పాలిష్ సెక్షన్లోనే ఉన్నాడు. చదువుకున్న మాధవి పై అంతస్తు ఆఫీసులో కూర్చుని, మంచాలు కొనే అమెరికా కంపెనీవాళ్ళతో మాటలు నడుపుతుంది.

ఆ దేశపు అధ్యక్షుడు బయటి సామాను మీద పన్ను పెంచేశాడు. దాంతో ఆర్డరు ఆగింది. యజమాని, అంటే అందరూ తౌకే అని పిలిచే చీనా ముసలాయన, పనివాళ్ళకి రెండు దారులు చూపించాడు. జొహోర్లో, మూవార్ ఊళ్ళో తన తమ్ముడి ఫ్యాక్టరీ ఉంది, అక్కడికి మారొచ్చు. లేదా ఆర్డరు తిరిగొచ్చేదాకా ఇక్కడే ఉండొచ్చు. ఏదో ఒకటి సోమవారం సాయంత్రంలోగా ఆఫీసుకొచ్చి సంతకం పెట్టి చెప్పాలి. మూవార్ వద్దని సంతకం పెట్టినవాడికి రేపు ఇక్కడ పని పోయినా యజమాని పూచీ ఏమీ ఉండదు.

గురువారం నాడు అమెరికావాళ్ళు వీడియోలో కనిపించి, ఇక మీ దగ్గర కొనం, వేరే చోటు చూసుకున్నాం అని తేల్చి చెప్పేశారు. ఆ మాట విన్నది తౌకే, మాధవి, ఇద్దరే. కంప్యూటరు మూసేశాక తౌకే కళ్ళజోడు తుడుచుకుంటూ అన్న మాటలు పోయిన వారం కథలోనే మన చెవిన పడ్డాయి: "సోమవారం దాకా నోరు మూసుకో. మీ నాన్నకి మూవార్లో చోటు నేనుంచుతాను, అతను వద్దన్నా సరే. అందరూ వస్తామంటే మాత్రం మా తమ్ముడి దగ్గర అంత చోటు లేదు."

మాధవి నోరు మూసుకుంది. ఆమె తండ్రి మూసుకోలేదు.

సన్యాసికి ఫోనులో వీడియోలు చూసే జబ్బు. అమెరికా అధ్యక్షుడు పొద్దున్న ఏం తిన్నాడో, ఎవరి మీద అలిగాడో ఆ ఇంటి వంటవాడికైనా తెలుస్తుందో లేదో గానీ సన్యాసికి తెలుస్తుంది. "ఆయన అరుస్తాడు, గడువిస్తాడు, దిగొస్తాడు. ఎప్పుడూ ఇదే వొరస. ఆర్డరు తిరిగొస్తాది, ఎవరూ మూవార్ ఎల్లకండి" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. వయసులో పెద్దవాడు, మాటలో తీపున్నవాడు. జనం నమ్మారు.

ఇలా ఉండగా సంఘం హాల్లో ఆదివారం పట్టిమన్రం వచ్చి పడింది.

పట్టిమన్రం తమిళులది. రెండు పక్షాలు వేదికెక్కి వాదించుకుంటాయి, నడుమ కూర్చున్న పెద్దమనిషి తీర్పు చెప్తాడు. తోటల్లో పక్కపక్క లైన్లలో బతికిన మూడు తరాల్లో అది మనవాళ్ళకీ అంటుకుంది. అయితే మనవాళ్ళు దానికి తమ పద్ధతులు రెండు తగిలించారు. ఒకటి, పక్షం ఎవరికి వాళ్ళు ఎంచుకోకూడదు. ఇత్తడి చెంబులో చెయ్యి పెట్టాలి. ఆకు వస్తే ఒక పక్షం, వక్క వస్తే ఇంకో పక్షం. రెండోది, చెప్పులు మెట్ల దగ్గర విడిచి పైకెక్కినవాడి మాటని కిందికి మొయ్యకూడదు. పైన ఒక అల్లుడు తన మామని పిసినిగొట్టని కడిగిపారేసి, కిందికి దిగి అదే మామ పక్కన కూర్చుని బీహూన్ సేమ్యా తిన్న రోజులున్నాయి. ఇద్దరికీ ఏమీ అనిపించలేదు. పైనున్నంతసేపూ అది ఆట.

ఈసారి విషయం అమెరికా అధ్యక్షుడు. ఆయన నిర్ణయాలు సొంత ఇంటికి మేలా, లోకానికి చేటా? పోయిన వారం మాధవి చెయ్యి చెంబులోంచి బయటికొస్తుండగా ఆగాం. ఆ చేతిలో వక్క ఉంది. వక్క అంటే అధ్యక్షుడి పక్షం. ఎదటి పక్షానికి పెద్ద సన్యాసి.

హాల్లో కుర్చీలు చాలక జనం గోడలకి ఆనుకుని నిలబడ్డారు. మధ్యాహ్నపు ఎండకి పైన రేకులు చిటపటమంటున్నాయి. తీర్పరి కుర్చీలో కూర్మయ్య, ఒకప్పుడు తోట ఆసుపత్రిలో కట్లు కట్టినవాడు, గంట పట్టుకుని కూర్చున్నాడు.

"తిట్లు వొద్దు. ఆయన్ని తిట్టాలనుంటే ఇంటికాడ తిట్టుకోండి. ఇక్కడ నాయం సెప్పండి. సన్యాసీ, లెగు."

సన్యాసి లేచాడు. పంచె సర్దుకున్నాడు. మైకుని కొత్త అల్లుడిలా మర్యాదగా పట్టుకున్నాడు.

"ఆ బాబు మీద నాకు కోపం నేదు. ఆయన నాకు సుట్టం కాదు, పక్కింటోడూ కాదు. మరి ఆయన అక్కడ ఏలు ఊపితే మా పాలిష్ సెక్షన్లో ఫ్యాను ఎందుకాగిపోనాది?"

మొదటి మాటకే ఈల పడింది.

"పక్క దేశంతో తగువు. పాత సావాసగాళ్ళతో తగువు. బీదోళ్ళకి పంపే మందులు ఆపీసినాడు. పెద్ద పెద్ద సదువుల బళ్ళ మీద పడినాడు. అది బయటిసంగతి, ఇది ఇంటిసంగతి అని నేదు, ఎక్కడ సూసినా తలుపులెయ్యడమే! కాగితాల్నేనోళ్ళని పట్టి గెంటీస్తన్నాడు. గెంటితే గెంటినాడు, నాకేటి అంతారా? మా తాత ఓడ దిగినప్పుడు ఆయన సేతిలో ఏ కాగితముంది? గోసీ ఉంది, బట్టల మూటుంది. అలాటి బాబు ఆ పొద్దు రేవులో నిలబడుంటే, కూర్మయ్య బావా, నువ్విప్పుడు ఆ కుర్సీలో కూకుందువా?"

కూర్మయ్య ఉలిక్కిపడి తన కుర్చీ వంక చూసుకున్నాడు. హాలంతా గొల్లుమంది.

"అయితే బయపడకండి" అని సన్యాసి చెయ్యెత్తాడు. "నేను సూస్తన్నాను గదా. అరుస్తాడు, గడువిస్తాడు, దిగొస్తాడు. ఎన్నాళ్ళని సూస్తారు అమెరికావోళ్ళు? మంచం నేకుండా ఎన్నాళ్ళు కింద పడుకుంతారు? నడుం పట్టీదా!"

చప్పట్లు, ఈలలు, కుర్చీల మీద దరువులు. వెనక వరసలోంచి ఎవరో "సన్యాసి మామని వాషింగ్టన్ పంపీండి లా!" అని చివర మలాయి 'లా' తగిలించి అరిచారు. మూడో వరసలో మరిడమ్మ కొడుకు కిశోర్‌కుమార్ అందరికన్నా ఎక్కువ నవ్వాడు. వాడికి నవ్వు రాదూ మరి? సన్యాసి మాట విని నిన్ననే ఆఫీసుకెళ్ళి, మూవార్ రానని సంతకం పెట్టి వచ్చాడు. పక్కన మరిడమ్మ కొంగు ఒళ్ళో పెట్టుకుని, నవ్వకుండా, వేదిక మీది మాధవినే చూస్తోంది.

కూర్మయ్య గంట కొట్టాడు. "మాధవీ."

మాధవి రాసుకొచ్చిన కాగితం తీసి చూసింది. అందులో మంచి మంచి మాటలున్నాయి, ఇంటర్నెట్లో ఏరుకున్నవి. వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు. మూడో వరసలో నవ్వుతున్న కిశోర్ మొహమే కనిపిస్తోంది. రేపు సాయంత్రానికి ఈ హాల్లో ఇంకెంతమంది కిశోర్లు తయారవుతారో?

అప్పుడు తట్టింది. ఇది వేదిక. పైన ఏమన్నా ఆటే. తౌకే రేపు నిలదీసినా, ఆటలో అన్నానని చెప్పుకోవచ్చు. నిజాన్ని ఇక్కడే అనేస్తే? మాధవి కాగితం మడిచి బల్ల మీద పెట్టింది.

"మా అయ్య అంతన్నాడు, ఆయన దిగొస్తాడని. ఎందుకు దిగాల?" గొంతు మొదట సన్నగా వచ్చింది, తర్వాత నిలబడింది. "ఆయన మనకి అధ్యక్షుడు కాదు గదా. మనమెవరమూ ఓటెయ్యనేదు. ఓటేసినోళ్ళు ఆ దేశంలో ఉన్నారు. అక్కడా కొయ్య పని సేసే ఊర్లుంతాయి. అక్కడా మంచాలు సేసినారు. మన మంచాలు సవగ్గా వొచ్చి దిగితే అక్కడి కిలాంగ్ మూతపడిపోనాది. అక్కడా ఒక సన్యాసి ఉంతాడు. పాలిష్ పట్టి పట్టి గోళ్ళు పసుపుపచ్చగా అయిపోయినోడు. ఆడు పని పోయి ఇంటికెల్లిన నాడు, ఇక్కడ మనకి పెద్ద ఆర్డరొచ్చినాదని కోడి కోసుకున్నాం. ఆడి కోసం మనలో ఎవరేడిసినారు? ఇన్నాళ్ళకి ఆడికి ఒకాయన దొరికినాడు, 'నీ ఇల్లు ముందు' అన్నోడు. నేను ఆ సన్యాసి కూతుర్నైతే ఆయనకే ఓటేస్తాను!"

సన్యాసి తన గోళ్ళ వంక చూసుకున్నాడు. తర్వాత చప్పట్లు పడ్డాయి, ఇందాకటికన్నా గట్టిగా.

"మరి మనుషుల్ని గెంటీడం?" అని ఎదటి పక్షంలోంచి కేక.

"అది తప్పే. దాన్ని నేను ఎనకేసుకురాను."

కూర్మయ్య గంట టంగుమనిపించాడు. "ఓలమ్మా, నువ్వు ఆయన పక్షం!"

"నా పక్షం మంచాల వరకే మామయ్యా."

కూర్మయ్యకే నవ్వు ఆగలేదు. నవ్వులు సద్దుమణిగేదాకా మాధవి ఆగింది. మైకుని రెండు చేతులతో పట్టుకుంది.

"ఆయన దిగొచ్చినా దిగకపోయినా, మన ఆర్డరు రాదు. కొనేవోళ్ళు ఏరే సోటు సూసుకున్నారు. దాని కోసం ఎవరూ కూకోకండి. రేపు ఆఫీసుకెల్లి, మూవార్ ఎల్తామని సెప్పీండి. నేను సెప్తన్నాను. ఆర్డరు రాదు!"

అనేసింది. ఒళ్ళంతా తేలికైపోయింది. ఇప్పుడు అరుస్తారు, లేస్తారు, అడుగుతారు అనుకుంది.

లేచారు. లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "పవర్ లా మాధవీ!" అని కుర్రకారు ఈలలేశారు. ముసలాళ్ళు తలలూపారు. ఏం వాదన, ఏం గొంతు, నిజంగా చెప్తున్నట్టే చెప్పింది చూడు! ఎదటి పక్షం బల్ల దగ్గర సన్యాసి అందరికన్నా ముందు లేచి, కళ్ళు తుడుచుకుంటూ, పక్కవాడి భుజం చరిచాడు.

"నా గుంట! సూసినావా, నన్నే బెదరగొట్టీసినాది!"

ఉన్న నిజాన్ని ఉన్నట్టు చెప్తే, దానికి మార్కులు వేస్తున్నారు.

కూర్మయ్య తీర్పుకి ఎక్కువసేపు పట్టలేదు. "సన్యాసి నవ్వించినాడు. ఈ గుంట నన్ను బయపెట్టినాది. బయపెట్టినోళ్ళదే గెలుపు" అని వక్క పక్షానికి ఇచ్చేశాడు. పసుపు శాలువా సన్యాసి చేతికే ఇచ్చి కప్పమన్నాడు. తండ్రి కూతురికి శాలువా కప్పుతుంటే ఫోనులన్నీ పైకి లేచాయి. కప్పి, చెయ్యి కూతురి తల మీదే ఉంచి, సన్యాసి మైకు అందుకున్నాడు.

"పైన నా కూతురు గెలిసినాది. కింద మాత్రం నా మాటే! రేపు ఎవరెల్తారర్రా మూవార్?"

"ఎల్లం!" అంది హాలు.

"ఇనబళ్ళేదు!"

"ఎల్లం! ఎల్లం!"

తండ్రి చెయ్యి ఇంకా తల మీదే ఉంది. వెచ్చగా, వార్నీషు వాసనేస్తూ. ఆ చేతికి మూవార్లో చోటుంది. 'ఎల్లం' అని ఎగురుతున్న ఈ చేతుల్లో ఒక్కదానికీ లేదు. ఆ సంగతి ఆ చేతికి తెలీదు.

మాధవి తండ్రి చేతి కింది నుంచి తప్పుకుంది. శాలువా తీసి మడతపెట్టి కూర్మయ్య బల్ల మీద పెట్టింది. మెట్లు దిగింది. మెట్ల దగ్గర విడిచిన చెప్పుల్లో తనవి వెతుక్కుని కాళ్ళకి తొడుక్కుంది. జనం మధ్య నుంచి నడిచి హాలు నడుమ టీ బల్ల దగ్గర, సిమెంటు నేల మీద నిలబడింది.

"మామయ్యా" అని పిలిచింది. మైకు లేకపోయినా వినబడింది. "నేనిప్పుడు ఎక్కడున్నాను? పైనున్నానా, కిందున్నానా?"

కూర్మయ్య కళ్ళజోడు సర్దుకున్నాడు. "కిందున్నావమ్మా. ఏటి?"

"అయితే ఇనండి. ఆర్డరు రాదు. గురువారం నా ముందే సెప్పీసినారు. నెలాకరుకి కిలాంగ్ మూసీస్తన్నారు. కోగిలక్క సూసిన లారీలో ఉన్నాది మన మెషీనే."

"నాన్ అప్పవే సొన్నేన్!" తలుపు దగ్గర్నుంచి కోగిల అరవంలో అరిచింది, అప్పుడే చెప్పాను గదా అని. ఆవిడకి సంతోషమో దుఃఖమో తెలీలేదు. నవ్వబోయినవాళ్ళు మాధవి కాళ్ళకున్న చెప్పులు చూసి ఆగిపోయారు.

సన్యాసి వేదిక అంచుకొచ్చి నిలబడ్డాడు. మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా దిగలేదు. "ఇదేటమ్మా, ఇంకా ఆటేనేటి?"

"ఆట అయిపోనాది అయ్యా."

"గురువారం నుంచీ తెలుసా నీకు?"

"తెలుసు."

"మరి నాకెందుకు సెప్పనేదు? నేను ఊరంతా తిరిగి..." మాట మధ్యలో తెగింది. తాను ఏ ఏ ఇళ్ళకి వెళ్ళాడో, ఎవరెవరి గుమ్మాల్లో కూర్చుని ఏమేం చెప్పాడో ఒక్కొక్కటే గుర్తుకొస్తున్నట్టు ముందు వరస నుంచి వెనక వరస దాకా చూశాడు.

"నీకు సెప్తే నువ్వు ఆగవు అయ్యా. అందరికీ సెప్పీస్తావు" అంది మాధవి. "నేను నోరు మూసుకుంటే నీకు మూవార్లో సోటుంచుతానన్నాడు తౌకే. అందుకని మూసుకున్నాను."

సన్యాసి వేదిక అంచు మీదే కూలబడ్డాడు. కాళ్ళు కిందికి వేలాడుతున్నాయి. పైనా లేడు, కిందా లేడు.

అప్పుడు లేచింది హోరు. ఒకరి మాట ఒకరికి వినబడకుండా, తెలుగులో, అరవంలో, మలాయిలో. ఒకామె భర్తకి ఫోను చేస్తోంది. ఒకాయన అమెరికా అధ్యక్షుణ్ణీ తౌకేనీ కలిపి ఒకే తిట్టు తిడుతున్నాడు. ఇప్పుడే ఆఫీసు మీదికి పోదామని కొందరు, ఆదివారం అక్కడ కుక్క కూడా ఉండదని కొందరు. కూర్మయ్య గంట కొట్టి కొట్టి, గంట నాలుక ఊడి చేతిలోకొచ్చింది.

మాధవి టీ బల్ల పక్కన కుర్చీ లాక్కుని దాని మీదికెక్కింది. చెప్పులు విడవలేదు.

"రేపు సాయంత్రం దాకా టైముంది! ఒకళ్ళూ ఇద్దరూ కాదు, పొద్దున్నే అందరం కలిసి ఎల్దాం. అందరం మూవార్ వొస్తామని సెప్దాం. సోటు నేదంటే నేనే మాటాడతాను, ఆ రోజు అమెరికావోళ్ళు అన్న మాటలన్నీ అందరి ముందూ సెప్తాను. నా పని పోతే పోనీ. అయ్యా, నువ్వు ముందు నడు. నీ మాట ఇన్నోళ్ళు నీ ఎనకాల్నే వొస్తారు!"

సన్యాసి తలెత్తాడు. ఒకడు "వొస్తాం!" అన్నాడు. ఇంకో ఇద్దరు అందుకున్నారు. ఇందాక 'ఎల్లం' అని లేచిన చేతులే మళ్ళీ లేస్తున్నాయి. హాలు గాలి మారింది. ఎవరో టీ డబ్బా మూత మీద దరువు కూడా మొదలెట్టారు. కిశోర్‌కుమార్ మాత్రం కుర్చీలోంచి లేవలేదు. చేతులు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని నేల చూస్తున్నాడు.

మరిడమ్మ లేచింది. కొంగు దులుపుకుంది. జనం దారిచ్చారు. వచ్చి మాధవి నిలబడ్డ కుర్చీ ముందు ఆగింది. దరువు ఆగిపోయింది.

"పెద్దమ్మా" అంది మాధవి, కుర్చీ దిగి. "ఇంకా టైముంది పెద్దమ్మా. రేపు సాయంత్రం దాకా..."

"మా వోడు నిన్ననే సంతకం పెట్టీసినాడు" అంది మరిడమ్మ. గొంతు పెంచలేదు. "పెట్టీసి ఇంటికొచ్చి ఆ మాట సెప్పినప్పుడు, నువ్వు మా ఇంట్లోనే కూకోని టీ తాగతన్నావు. పంచదార సాల్లేదన్నావు. లెగిసెల్లి తెచ్చిచ్చినాను."